పావుగంట వెసులుబాటు

వెలిమిర్ మంగలి కుర్చీలో ఉన్నాడు. ఎడమ చెంప గీయడం అయిపోయింది, కుడి చెంపకు సబ్బు పట్టించారు. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది.

"ఇంట్లో కారం అయిపోవచ్చింది," అంది అవతలి గొంతు. అది చీఫ్ మిలుటిన్ గొంతు.

"ఎన్నాళ్ళు వస్తుంది?"

"నాళ్ళా? మధ్యాహ్నం దాకా వస్తే గొప్పే. మేడమ్ దగ్గరికి పో. ఏసీ బాగుచెయ్యాలట."

వెలిమిర్ తువ్వాలుతో సబ్బు తుడుచుకుని లేచాడు. మంగలి కత్తి పట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయాడు. సగం గడ్డంతో నోవీసాద్ వీధుల్లో నడవడం ఏ గూఢచారికీ గౌరవం కాదు. కానీ ఆ క్షణంలో అతనికి గుర్తొచ్చింది గౌరవం కాదు, చెల్లెలు దరింకా.

కారం అంటే నిజంగా కారమే. డాన్యూబ్ నది మీద లంగరేసిన మరీనెల్లా అనే షోకు ఓడలో, వంటింట్లో, పొయ్యి పక్కన ఒక ఎర్ర కారం డబ్బా ఉంది. దాని అడుగు రేకు కింద అగ్గిపెట్టెకన్నా చిన్న యంత్రం ఒకటి దాక్కుంది. ఓడలో జనం మాట్లాడుకునేవి వింటుంది, మూటగట్టి వెలిమిర్ పనిచేసే గూఢచారి సంస్థకు పంపుతుంది. ఆ డబ్బాలోంచి రోజూ కారం తీసి చేపల పులుసులో వేసే వంటవాడు స్తోయన్, దరింకా మొగుడు. అతను గూఢచారి కాదు, పుట్టు వంటవాడు. సంస్థకు అసలైన వంటవాడే కావలసి వచ్చింది. "ఆరు నెలలు వండిపెట్టు బావా, అంతకుమించి ఏం లేదు," అని నమ్మబలికి అతన్ని ఆ ఓడెక్కించింది వెలిమిరే. టూరిస్టుల ఓడలో వంట చేస్తున్నాడని దరింకా నమ్ముతోంది.

ఓడ యజమానిని అందరూ డాక్టర్ అంటారు. అతను ఏ దేశం వాడో అతని పాస్‌పోర్టుల మధ్యే ఏకాభిప్రాయం లేదు. జీవితంలో ఒక్క రోగికి కూడా మందిచ్చిన పాపాన పోలేదు. ఏ గూఢచారి ఏ ముసుగులో ఉన్నాడో కనిపెట్టి, అడిగిన దేశానికి ఆ మనిషిని అమ్మడం అతని వ్యాపారం. అలా అమ్ముడుపోయిన సంస్థ మనుషులు ముగ్గురూ నదిలోనే శవాలై దొరికారు. ఆ డాక్టర్ చాలా కాలం తర్వాత ఈ ఉదయమే ఓడెక్కాడు.

నెవెన్కా మేడమ్ ల్యాబ్ ఇంజనీరింగ్ ఫ్యాకల్టీ మూడో అంతస్తులో ఉంది. కారం డబ్బాలోని యంత్రానికి ఆపరేటింగ్ సిస్టమ్ రాసింది ఆవిడే. ఒకప్పుడు వెలిమిర్‌కు పాఠాలు చెప్పిందీ ఆవిడే. ల్యాబ్ మూల తన అద్దాల గదిలో, తెర మీంచి చూపు తిప్పకుండానే పలకరించింది.

"ఏరా, సగం మొహంతో వచ్చావేం?"

"తొందరన్నారు మేడమ్."

"పరీక్షలప్పుడు లేని తొందర ఇప్పుడొచ్చిందన్నమాట. ఇటు రా. ఈ బ్యాటరీ నెలాఖరు దాకా రావాలి. మొన్న కొత్త వెర్షన్ పంపిన దగ్గర్నుంచి కారిపోతోంది. ఎందుకో ఇందాకే తెలిసింది."

ఆవిడ వేలు పెట్టిన చోట ఒక యాప్ పేరు ఉంది. వాతావరణం.

"నీకు పాఠం గుర్తుండదు కాబట్టి మళ్ళీ చెప్తున్నా. ఇంట్లో అయిదుగురున్నారనుకో. ఒక్కొక్కడూ ఒక్కో వేళప్పుడు కాఫీ అడిగితే అయిదుసార్లు పొయ్యి వెలిగించాలి. కాస్త ఆగండర్రా అని అందరికీ కలిపి పెడితే ఒక్కసారితో పోతుంది. యాప్‌లూ అంతే. ప్రతి యాప్‌కీ ఓ టైమర్ ఉంటుంది, ఫలానా వేళకి నన్ను లేపు అని. అది మోగినప్పుడల్లా ప్రాసెసర్ నిద్రలేవాలి, రేడియో వెలగాలి, కరెంటు ఖర్చవ్వాలి. అందుకే నా సిస్టమ్ ప్రతి యాప్‌నీ అడుగుతుంది, ఎంత ఆలస్యమైతే నీకు పర్లేదమ్మా అని. ఆ వెసులుబాటు చూసుకుని అందరి మేలుకొలుపులూ ఒక్కచోటికి లాగుతుంది. మిగతా వేళంతా యంత్రం హాయిగా పడుకుంటుంది."

"మనవాళ్ళు ఎంత వెసులుబాటు రాస్తారు?"

"పావుగంట. ఈ ఊళ్ళో చదువుకున్నవాళ్ళు ఇంకెంత రాస్తారు? కానీ ఇక్కడ చూడు, సున్నా. నిమిషానికోసారి, టంచనుగా, నన్ను లేపాల్సిందే అంటోంది. ఒక్కడు మంకుపట్టు పడితే ఇల్లంతా మేలుకోవాలి కదా."

"బ్యాటరీ పోతే పోయింది. బావతో ఆ డబ్బా నదిలో పారేయిద్దాం."

"ఉత్త బ్యాటరీ గొడవైతే నిన్ను గడ్డం మధ్యలో లేపుతామట్రా? లేచిన ప్రతిసారీ రేడియో చిన్న కూత పెడుతుంది. ఎప్పుడు కూస్తుందో తెలియనంతకాలం దాన్నెవడూ పట్టుకోలేడు. ఇప్పుడు నిమిషానికోసారి కూస్తోంది. రిసీవర్ పట్టుకుని ఓడంతా తిరిగితే చాలు, నేనిక్కడున్నానని అదే పిలుస్తుంది. పారెయ్యమని చెప్పడానికీ లేదు. అది చెవే కానీ నోరు కాదు, మన మాట మీ బావకి వినిపించదు."

ఆరు నెలలుగా చెల్లెలికి చెప్తూ వచ్చిన అబద్ధాలన్నీ ఒక్కసారి వెలిమిర్ మీద పడ్డాయి.

"ఆ సున్నా తీసెయ్యండి మేడమ్."

"తీసే దారి పెట్టలేదురా. యాప్‌ల మాట నమ్మి కట్టాను దీన్ని. ఎవరెంత వెసులుబాటు చెప్తే అంతే. సున్నా అన్నవాడిని కూడా పావుగంటకి కట్టేసే ఆజ్ఞ ఇప్పుడు కూర్చుని రాయాలి. నన్ను మాట్లాడించకు. ఆ సున్నా పెట్టిందెవరో నువ్వు కనుక్కో. లీవులో ఉన్నవాడి పేరు వాడుకున్నారు, దొంగ మాత్రం ఈ ల్యాబ్‌లోనే ఉన్నాడు."

వెలిమిర్ ఏసీ కింద నిచ్చెన వేసుకుని ఎక్కాడు. కింద ఎవరి బల్ల దగ్గర వాళ్ళు పని చేసుకుంటున్నారు. అందరి మణికట్టుకూ ల్యాబ్ గడియారం ఉంది. తలుపులు తెరుచుకునేది దానితోనే. కాసేపటికి నిచ్చెన కింద సెంటు వాసన వచ్చింది.

"దిగండి మెకానిక్ గారూ, కాఫీ తాగుదురుగాని."

ఆమె పేరు ఇవోనా. ల్యాబ్‌లో చేరి ఏడాదయింది. ఆకుపచ్చ గౌను, పొట్టిగా కత్తిరించిన జుట్టు, ఎదుటివాడు ఏం చెప్పినా అది ఈ రోజుకల్లా గొప్ప విషయం అన్నట్టు వినే కళ్ళు. వెలిమిర్ రెండు మెట్లు దిగి కప్పు అందుకున్నాడు.

"గడ్డం ఏంటి, అలా సగంలో ఆగిపోయింది?"

"మధ్యలో కరెంటు పోయిందండి."

ఆమె నవ్వింది. "ఇక్కడ మీకు అందరూ తెలిసినట్టున్నారే?"

"నేనూ ఇక్కడే చదివాను. మూడో ఏడు దాకా. ఆ తర్వాత వాళ్ళకీ నాకూ పడలేదు."

"గావ్రిలో ప్రొఫెసర్ చేతిలో పడ్డారా? నేను పడ్డాను. పోయారు పాపం, కానీ ఎంత ఏడిపించారో. పది గంటల క్లాసుకి పదీ అయిదుకి వెళ్తే నా మొహం మీదే తలుపేశారు. ఆ ఏడాదంతా నన్ను ఆలస్యం అమ్మాయీ అనే పిలిచారు."

"గట్టి మనిషే," అన్నాడు వెలిమిర్.

"ఉండండి, అందరికీ వేడి వేడి బూరెక్ రొట్టెలు పట్టుకొస్తా. మీరు చీజ్‌ది తింటారా, మాంసందా?" అంటూ ఆమె సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

వెలిమిర్ మళ్ళీ నిచ్చెనెక్కి మర రెండు చుట్లు తిప్పాడు. మూడో చుట్టుకు చెయ్యి ఆగిపోయింది.

ఆ ఫ్యాకల్టీలో పది గంటల క్లాసు పదింటికి మొదలైన రోజు చరిత్రలో లేదు. తాతల నాటి నుంచీ పావుగంట మర్యాద ఉంది. పదీ పావు దాకా విద్యార్థీ రాడు, పంతులూ రాడు. పదీ అయిదుకు గావ్రిలో ప్రొఫెసర్ కింద క్యాంటీన్‌లో రెండో కాఫీ తాగుతూ ఉండేవాడు, గది తాళం ఆయన జేబులో ఉండేది. వెలిమిర్ మూడేళ్ళు ఆ పావుగంటలో పేకాడాడు. ఇక్కడ ఒక్క నెల చదివినా ఎవరూ ఆ కథ అల్లరు. పది అంటే పదే అయిన చోట ఎక్కడో చదువుకున్న మనిషి కాగితాల మీద చదివి నేర్చుకున్న గతం అది. యాప్ పక్కన సున్నా రాసింది కూడా అలాంటి చెయ్యే.

దాదాపు దూకినట్టే దిగాడు. "మేడమ్. ఇవోనా."

నెవెన్కా మొహం పాలిపోయింది. "నా కూతురి పెళ్ళిలో నా పక్కన కూర్చుని ఏడ్చిందిరా," అంది చిన్నగా. లేచి వెళ్ళి అల్మారా తెరిచింది. ఆ కూతలు పట్టే ల్యాబ్ రిసీవర్ అందులో లేదు. కిటికీలోంచి చూస్తే ఆకుపచ్చ గౌను బూరెక్ కొట్టు వైపు కాకుండా నది వైపు మలుపు తిరిగింది.

వెలిమిర్ మెట్లు దిగుతూనే చీఫ్‌కు ఫోన్ చేశాడు.

"చేపల పడవ రేవులో ఉంది," అన్నాడు మిలుటిన్. "పోలీసు లాంచీ దిగువ వంపు దగ్గరుంది. అది బయల్దేరాక నీ దగ్గరికి రావడానికి పావుగంట పడుతుంది. ఇంజన్ మోత విని వాళ్ళు ముందే అనుమానించారో, మొదట చేసేది నీ బావని నదిలో తొయ్యడం. వంటింట్లో చేప దింపి, పొగ గొట్టం పక్కన ఎర్ర గుడ్డ ఆరెయ్యి. అది కనబడ్డాకే బయల్దేరతారు. ఓడ మీద నీ రేడియో ముట్టుకోకు, ఆమె చేతిలో రిసీవర్ ఉంది."

మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, కళ్ళ మీదకి దిగిన టోపీ, నున్నని చెంప మీద బురద, చంకలో బారెడు వాలుగ చేప. మరీనెల్లా వెనక వైపు నిచ్చెనెక్కినవాణ్ణి చూసి కాపలావాడు ముక్కు మూసుకుని దారిచ్చాడు. రోజూ వచ్చే చేపలవాడికి జ్వరం తెప్పించే పని సంస్థ అప్పటికే పూర్తి చేసింది.

వంటింట్లో స్తోయన్ ఉల్లిపాయలు వేయిస్తున్నాడు. మనిషి చిక్కిపోయాడు. వెలిమిర్‌ను చూసి గరిటె ఆపలేదు.

"వాలుగ ముసలిది తెచ్చావే," అన్నాడు గట్టిగా. తర్వాత గొంతు తగ్గించాడు. "ఏంటి బావా, నువ్వే వచ్చావంటే నా పని అయిపోయినట్టేనా?"

"నోర్మూసుకుని వండు బావా. డబ్బా నీ చేతికి అందేలా పెట్టుకో." వెలిమిర్ చేప రక్తం తుడుచుకున్న ఎర్ర గుడ్డను కిటికీలోంచి పొగ గొట్టం పక్కన ఆరేశాడు. కత్తి తీసి చేప ముందు వంగి కూర్చున్నాడు.

అడుగుల చప్పుడైంది. ముందు ఇవోనా, చేతిలో రిసీవర్. వెనక డాక్టర్, తెల్ల కోటు వేసుకోవలసిన మనిషిలాగే శుభ్రంగా ఉన్నాడు. చేతిలో పిస్తోలు, రెండో చేతిలో తెరిచిన జేబు గడియారం.

"ఇందాకటి కూత ఈ నడవా చివరి నుంచి," అంది ఇవోనా. "తర్వాతది వచ్చేది ఇప్పుడే."

రిసీవర్ చిన్నగా కూసింది. ముల్లు పొయ్యి వైపు తిరిగింది.

"వంటిల్లే. ఇంకొక్క నిమిషం ఆగితే ఏ వస్తువో కూడా చెప్తాను."

స్తోయన్ గరిటె తిప్పుతూనే ఉన్నాడు. వెలిమిర్ చేప పొట్టలో చెయ్యి పెట్టి తల ఎత్తకుండా ఉన్నాడు. మేడమ్ రాయడం అయిందో లేదో తెలుసుకునే దారి లేదు. దరింకాకు ఏమని చెప్పాలో మనసు అప్పుడే వెతుక్కోవడం మొదలుపెట్టింది. దాన్ని తిట్టుకున్నాడు.

నిమిషం గడిచింది. రిసీవర్ కూసింది. ముల్లు గిర్రున తిరిగి ఇవోనా వైపే ఆగింది.

ఆమె పక్కకు జరిగింది. ముల్లు ఆమెతోపాటే జరిగింది. డాక్టర్ కనుబొమలు ముడిపడ్డాయి.

"పరికరం పాడైనట్టుంది," అంది ఇవోనా.

"ఇంకో నిమిషం చూద్దాం," అన్నాడు డాక్టర్.

చూశారు. జేబు గడియారంలో సెకన్ల ముల్లు పన్నెండు దాటుతుండగా మళ్ళీ కూత. మళ్ళీ ఆమె వైపే. వెలిమిర్ ఓరకంట ఆమె మణికట్టు చూశాడు. ల్యాబ్ గడియారం. బూరెక్ కొనుక్కుని వచ్చినట్టే వెనక్కి వెళ్ళి తలుపు తీసుకోవాలి కాబట్టి పెట్టుకునే వచ్చింది. దానిలోనూ మేడమ్ సిస్టమే నడుస్తోంది. కారం డబ్బాను పావుగంటకు కట్టేసి నిద్రపుచ్చిన మేడమ్, అదే చేత్తో ఇవోనా గడియారానికి సున్నా రాసి పంపింది. ముసలావిడ పాదాలకు దణ్ణం పెట్టాలనిపించింది వెలిమిర్‌కు.

"చాలా క్రమశిక్షణ గల కూత," అన్నాడు డాక్టర్. "మీలాగే. ఇన్నాళ్ళూ నా ఓడ మాటలు బయటికి మోసింది మీరేనా ఇవోనా?"

పిస్తోలు ఆమె మీదకు తిరిగింది. ఇవోనా భయపడింది కానీ తెలివి పోగొట్టుకోలేదు. గడియారం ఊడదీసి కిటికీలోంచి నదిలోకి విసిరేసింది.

"ఇది నెవెన్కా పని. అసలు దాన్ని పడుకోబెట్టి, నా గడియారాన్ని లేపింది. కానీ ఆ సిస్టమ్‌లో ఎవర్నీ పావుగంటకి మించి ఆపలేరు. ఆ హద్దు రాసినప్పుడు నేను పక్కనే ఉన్నాను. అసలు యంత్రం ఇక్కడుంటే పావుగంటకి లేచి తీరుతుంది. అది కూస్తే నేను చెప్పింది నిజం. కూయకపోతే మీ ఇష్టం."

డాక్టర్ ఒక్క క్షణం ఆలోచించాడు. తలుపు మూసి దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. "పావుగంటలో ఇప్పటికే కొంత అయింది. ఎవరూ కదలొద్దు."

"నేను కదలకపోతే ఉల్లిపాయలు మాడతాయి సార్," అన్నాడు స్తోయన్.

"మీరు వండుకోండి."

అలా ఆ నలుగురూ ఆ ఇరుకు వంటింట్లో, ఒక యంత్రం నిద్రలేవడం కోసం కాచుకుని ఉన్నారు. పులుసు కుతకుతలాడుతోంది. లాంచీ మోత కోసం వెలిమిర్ చెవులు రిక్కించాడు. బయట నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. గుడ్డ చూశారో లేదో. చూసినా ఈ ఊరివాళ్ళు పావుగంట అంటే అది ఏ పావుగంటో ఎవరికి తెలుసు. పదికీ పదీ పావుకీ తేడా తెలియని జనంలో పుట్టినందుకు అతను మొదటిసారి సిగ్గుపడ్డాడు, భయపడ్డాడు కూడా.

ఇవోనా చూపు అతని చెంప మీద ఆగింది. చెమటకు బురద జారిపోయింది. ఒక చెంప నున్నగా, ఒక చెంప గరుగ్గా. ఆమె పెదవులు తెరుచుకున్నాయి.

"డాక్టర్, ఈ చేపలవాడు..."

"కారం వేసే వేళయింది సార్," అన్నాడు స్తోయన్, ఆమె మాట మీదుగానే. ఎర్ర డబ్బా మూత తీసి చేతిలో పట్టుకున్నాడు.

డబ్బా అడుగున యంత్రం లేచింది. రిసీవర్ కూసింది. ముల్లు సూటిగా స్తోయన్ చేతి వైపు తిరిగింది. డాక్టర్ తలా, పిస్తోలూ దాని వెంటే తిరిగాయి, రెండు కళ్ళూ బార్లా తెరుచుకున్నాయి.

స్తోయన్ డబ్బాడు కారం ఆ కళ్ళల్లోకి కొట్టాడు.

పిస్తోలు పేలింది. గుండు గిన్నెకు తగిలి పులుసు నేల పాలైంది. వెలిమిర్ డాక్టర్ చెయ్యి విరిచి పట్టుకుని అతన్ని వాలుగ చేప పక్కనే పడుకోబెట్టాడు. పైన కాపలావాళ్ళ పరుగులు, అంతలోనే ఓడ దద్దరిల్లేలా లాంచీ వచ్చి ఆనుకున్న దెబ్బ, పోలీసుల కేకలు. ఇవోనా కదలలేదు. చేతులు తనంతట తానే పైకెత్తింది.

"నన్నెలా పట్టుకున్నారు?" అంది వెలిమిర్‌తో.

"గావ్రిలో ప్రొఫెసర్ పదీ అయిదుకి క్యాంటీన్‌లో ఉండేవాడమ్మా. పదీ పావు దాకా ఆయన తలుపు తీసిందీ లేదు, మూసిందీ లేదు."

లాంచీ కమాండర్ తలుపులోంచి తొంగిచూసి, కాస్త ఆలస్యమైనట్టుందే అన్నాడు. స్తోయన్ నేల పాలైన పులుసు వైపు గరిటె చూపించాడు.

లాంచీ ఒడ్డు వైపు తిరిగాక వెలిమిర్ అంచున కూర్చుని రబ్బరు బూట్లు విప్పాడు. స్తోయన్ పక్కన కూర్చుని అతని భుజం మీద చెయ్యేసి ఉంచాడు.

"తప్పు చేశాను బావా," అన్నాడు వెలిమిర్. "నిన్ను అక్కడికి పంపాల్సింది కాదు. నీకేమన్నా అయ్యుంటే దాని మొహం ఎలా చూసేవాణ్ణో నాకు తెలీదు."

"అదంతా తర్వాత తిట్టుకుందాం. ఫోన్ ఇలా ఇవ్వు."

దరింకా రెండో మోతకే ఎత్తింది. స్తోయన్ గొంతు సవరించుకున్నాడు. వెలిమిర్ లాంచీలోనే వచ్చిన చీఫ్ మిలుటిన్ వైపు చూశాడు, చీఫ్ నది వైపు చూశాడు.

"దరీ, నేనే. ఉద్యోగం పోయిందే. ఇక ఓడెక్కక్కర్లేదు, ఇంటికొచ్చేస్తున్నా."

ఆమె గొంతు లాంచీ అంతా వినిపించింది.

"పోతే పోయింది, పీడా పోయింది. ఆరు నెలల నుంచీ ఒక్కదాన్నే వండుకుని ఒక్కదాన్నే తింటున్నా. ఇవాళ రాత్రి వంట నీదే. మా అన్న అక్కడుంటే చెప్పు, గిన్నెలు తోమడానికి వాణ్ణి కూడా రమ్మను."

స్తోయన్ ఫోన్ పెట్టేసి వెలిమిర్ కేసి చూశాడు. వెలిమిర్ చీఫ్ కేసి చూశాడు. సాయంత్రానికి కల్లా నివేదిక కావాలని అప్పటికే రెండుసార్లు అడిగిన మిలుటిన్, రేపు రాసినా పర్లేదులే అని గొణిగాడు.